ఊదారంగు తీగ

కోట జంక్షన్‌లో ఒకటి పోయింది.
గంటస్తంభం మలుపులో రెండోది.
మూడోది నెల్లిమర్ల గేటు దగ్గర,
ఆగినప్పుడు కాదు,
పట్టాలు దాటుతూ కారు దడదడలాడినప్పుడు.
ఫ్యూజు పోతే నా అంబాసిడర్‌కి హారన్ ఉండదు.
ముందు నడిచే గేదెకి
నేనే తల బయటపెట్టి "హోయ్" అనాలి.

ముప్పై ఒక్క ఏళ్లు నల్లబల్ల మీద
ఓమ్ సూత్రం రాసినవాణ్ణి.
నిరోధం సున్నా అయితే కరెంటుకి అంతులేదని
పదో తరగతి బి సెక్షన్ చేత
పదేసిసార్లు అనిపించినవాణ్ణి.
ఆ సున్నా నా సొంత కారులో ఎక్కడ దాక్కుందో
నాలుగు నెలలుగా తెలియదు.
హార్లిక్స్ సీసాలో పోయిన ఫ్యూజులు,
గాజు లోపల పొగచూరి,
కదిపితే గలగలమంటాయి.

ఒకసారి విసుగొచ్చి
సిగరెట్ పెట్టెలోని వెండికాగితం చుట్టాను.
కాలిన వాసనొచ్చింది.
ఎవరికీ చెప్పలేదు.

ఎత్తు బ్రిడ్జి కింద అప్పలసూరి
చెప్పకుండానే పట్టేశాడు.
నల్లబడ్డ క్లిప్పు గోటితో గీకి
"కాయితం ఎవులెట్టినారు?" అన్నాడు.
నేను బ్రిడ్జి మీద పోతున్న లారీని చూశాను.
"ఫ్యూజు మీద కోపమేటి మాస్టారూ?
అది సచ్చి మనకో కబురు సెప్తంది.
కబురు ఇనకండా
కబురు తెచ్చినోణ్ణి మార్చేస్తే ఏటి లాభం?"

కొత్త ఫ్యూజు పెట్టలేదతను.
ఆ ఖాళీలో రెండు తీగలు తగిలించి
పాత బ్రేకు బల్బొకటి వేలాడదీశాడు.
ఎక్కడ తీగ ఒంటికి తగిలినా
కాలిపోవడానికి బదులు వెలుగుతుందన్నమాట.
తలుపులు మూశాం.
వెలగలేదు.
హారన్ తీగ పీకాడు, పెట్టాడు.
డాష్‌బోర్డు కింద దూరి
కట్టల్ని ఒక్కొక్కటే పట్టి ఊపాడు.
టీ చల్లారింది, ఇంకోటి తెప్పించాం.
బల్బు మాత్రం ఏమీ తెలియనట్టు
చీకటిగా కూర్చుంది.

అప్పుడు పనివాడు గుంటడు, లింగరాజు,
స్పానరు అందుకుందామని
కారు టాపు మీద మోచెయ్యి ఆనించాడు.
భగ్గుమంది బల్బు.
"తియ్యకురోయ్! సెయ్యి తియ్యకు!"
వాడు బిగుసుకుపోయాడు,
నేరం తనే చేసినట్టు.

లోపలి గుడ్డ విప్పదీస్తే
టాపు వెంట ఊదారంగు తీగ.
దాని మీద
మొనతో వాలి ఉంది ఒక మర.
తుప్పుపట్టి, ఓపిగ్గా.

అప్పలసూరి పైన రంగు మీద అరచేత్తో రాశాడు.
పుట్టీ పూసి దాచిన నాలుగు చిల్లులు
వేళ్లకి దొరికాయి.
"ఈ బండి ఎవుల్ది మాస్టారూ?"
డాక్టరుగారిదట.
ఆస్పత్రికి తప్ప బయటికే తీయలేదని
చీపురుపల్లి బెల్లం షావుకారు
ప్రమాణం చేసి అమ్మాడు.
"డాక్టరు నెత్తిన మైకెట్టుకుని తిరిగినాడేటి?"

నవ్వాను గానీ
కాసేపు కారు వైపు వేరేగా చూశాను.
ఏ సినిమా పేరో, ఏ గుర్తుకో ఓటో,
ఊరి సందులన్నీ అరుచుకుంటూ తిరిగి
ఇప్పుడు మాస్టారి ఇంట్లో
మర్యాదగా ఉంటోంది.

మర తీశాడు. తీగకి టేపు చుట్టాడు.
లింగరాజు మళ్లీ మోచెయ్యి ఆనించాడు,
ఈసారి ఉద్యోగంగా.
ఏమీ లేదు.
నేను తలుపు తీశాను.
వేలాడుతున్న లోపలి చిన్న దీపం
పసుపుగా వెలిగింది.
అక్కడ, బ్రేకు బల్బులో,
ఎర్రటి వెంట్రుకంత మిగిలింది.
ఒకదాని వెనక ఒకటి, ఒకే దారిలో రెండు దీపాలు.
ఈ పటం నేను ఎన్ని వందలసార్లు గీశానో,
వెలగడం చూడలేదు.
తలుపు మూశాను. మళ్లీ తీశాను.
"బేటరీ అయిపోద్ది మాస్టారూ,"
అన్నాడు అప్పలసూరి,
మూడు వందలు లెక్కపెట్టుకుంటూ.

వెళ్తూ కావాలనే పట్టాల మీదుగా పోనిచ్చాను,
జేబులో మర, చిల్లర మధ్య.
దడదడ. ఫ్యూజు నిలబడింది.
గేటు దాటాక గేదె.
హారన్ కొట్టాను, నిండుగా, రెండుసార్లు.
కదల్లేదు.
తల బయటపెట్టి
"హోయ్" అన్నాను.